ఎవరూ ఆపలేదు

బడులకి వేసవి సెలవులిచ్చిన రోజు అమ్మ పసుపు బస్సు తాళాలు బడి ఆఫీసులో అప్పజెప్పి ఇంటికొచ్చింది. వంటింట్లో చేతులు కడుక్కుంటూ, మా వైపు తిరక్కుండానే, "సోమవారం నేను నాష్‌విల్ వెళ్తున్నాను. పాటల రికార్డు చేద్దామంటున్నారు," అంది.

నాన్న మొక్కజొన్న రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. "సరే," అన్నాడు. రాయడం మాత్రం ఆపలేదు.

తినడం ఆపింది నాయనమ్మే. "రికార్డంటే? చర్చి పాటలా?"

"కాదత్తయ్యా. నేను రాసుకున్నవి."

"రాసుకున్నవా! ఎప్పుడు రాశావమ్మా? బస్సు నడుపుతూనా?"

"అవును," అంది అమ్మ.

అది హాస్యం కాదు, నిజమే. మా టెనెసీ కొండల్లో బడి బస్సు నడపడమంటే పొద్దున్నే పొగమంచులో, ఒక పక్క లోయ, ఒక పక్క రాళ్లు, వెనక అరిచే పిల్లలు. వాళ్ల నోళ్లు మూయించడానికి అమ్మ పాడేది. పాత పాటలు అయిపోతే కొత్తవి కట్టేది. శనివారం పొద్దున మా ఊరి రేడియోలో పశువుల దాణా ప్రకటనకీ, ఎవరెవరు పోయారో చదివే వార్తలకీ మధ్య అమ్మకి కాసేపు ఇచ్చేవాళ్లు. అలా ఒక శనివారం గ్రేడీ హ్యాచర్ అని నాష్‌విల్ రికార్డుల మనిషి, మా దారిన కారులో పోతూ విన్నాడు. కారు తిప్పుకుని రేడియో స్టేషనుకొచ్చి, "ఎవరావిడ?" అని అడిగాడు. మా అమ్మ, డెస్సీ ప్రూయిట్. అప్పటికి ఆమెకి నలభై నిండలేదు.

నాన్న పేరు లూథర్, రంపపు మిల్లులో పని. వాళ్లకి నేనొక్కదాన్నే. నా పేరు రోవీనా, అప్పుడు పంతొమ్మిదేళ్లు, కోర్టు ఎదుట హోటల్లో బల్లల దగ్గర వడ్డించే పని. నాకు చిన్నప్పటినుంచీ ప్రశ్నల జబ్బు. నాయనమ్మ నన్ను పేరుతో పిలవడం ఎప్పుడో మానేసి, పోలీసులా ఆరాలు తీస్తానని "షెరీఫమ్మా" అనేది. అమ్మకి తోడుగా ఎవరో ఒకరు వెళ్లాలి కాబట్టీ, నాన్నకి మిల్లులో సెలవు దొరకదు కాబట్టీ నేను బయల్దేరాను. అసలు సంగతేమిటంటే, ఎవరూ తీసుకెళ్లకపోయినా నేను డిక్కీలో దాక్కునైనా వెళ్లుండేదాన్ని. పాట ఆ నల్లటి పళ్లెంలోకి ఎలా ఎక్కుతుందో చూడాలి నాకు.

నాయనమ్మ అలిగి ఆ రెండ్రోజులూ మాట్లాడలేదు కానీ, బయల్దేరేటప్పుడు ఒక సంచీడు చిక్కుడుకాయలు కారు వెనక సీట్లో పడేసింది. "పట్నంలో ఏం తింటారో ఏమో," అని గొణిగింది.

స్టూడియో బయటినుంచి చూస్తే పళ్ల డాక్టరు ఇల్లులా ఉంది. నాకు ఉసూరుమనిపించింది. లోపలికెళ్లాక మాత్రం నోరు తెరిచేశాను. కిటికీలు లేవు. గోడలకి గోనెపట్టా, కింద మందపాటి తివాచీ. మాట్లాడితే మాట ముందుకెళ్లకుండా మన పెదాల దగ్గరే రాలిపోతోంది. నేను "హలో, హలో" అంటూ మూలమూలకీ వెళ్లి చూస్తుంటే అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

వాద్యాల వాళ్లు కాఫీ తాగుతూ, కార్ల గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. అమ్మ పాటలు వాళ్లలో ఒక్కరూ అంతకు ముందు విన్లేదు. అమ్మ గిటారు మీద ఒక్కసారి పాడింది. వాళ్లు చిత్తుకాగితాల మీద ఏవో అంకెలేసుకున్నారు. అంతే, "ఊ, పదండి," అన్నారు. రెండోసారికే పాటంతా పుట్టి పెరిగిన ఇంట్లో తిరుగుతున్నట్టు వాయించేశారు.

నేనాగలేకపోయాను. స్టీల్ గిటారు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని పర్విస్ అని పెద్దాయన కూర్చున్నాడు. ఆయన దగ్గరికెళ్లి, "పాటకి అంకెలేంటండీ? లెక్కలా?" అని అడిగాను.

"స్వరాల పేర్లే రాశామనుకో తల్లీ, రేపు మీ అమ్మ గొంతు బాగాలేదు, కాస్త కింద శ్రుతిలో పాడతానంటే అన్నీ కొట్టేసి మళ్లీ రాసుకోవాలి. అంకెలకి ఆ బాధ లేదు. ఇల్లు మారినా వంటగది వంటగదే కదా, అలాగ."

"మరి పడగ్గది ఏ అంకె?"

"ఈ పిల్లని ఎవరైనా బయట కూర్చోబెట్టండ్రా," అని నవ్వాడాయన.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కు అమ్మతో వచ్చింది. గిటారు వాళ్లు వాయిస్తారు, మీరు పాడితే చాలు అని హ్యాచర్ గారు ఆమెని అద్దాల గదిలో మైకు ముందు నిలబెట్టాడు. అమ్మ చేతులకి ఏం చెయ్యాలో తెలీలేదు. గౌను సర్దుకుంది, చేతులు కట్టుకుంది, వెనక్కి పెట్టుకుంది. గొంతు కూడా అలాగే దిక్కుతోచకుండా వచ్చింది. ఒకే పాట మళ్లీ మళ్లీ పాడించారు. పాడినకొద్దీ పాడైంది.

హ్యాచర్ గారు లోపలికెళ్లి మెల్లిగా అడిగాడు. "డెస్సీ గారూ, మామూలుగా పాడేటప్పుడు మీ చేతులేం చేస్తుంటాయి?"

"స్టీరింగు పట్టుకుంటాయి. లేదంటే అంట్లు తోముతాయి. ఊరికే ఎప్పుడుంటాయండీ!"

నేను కారు దగ్గరికి పరిగెత్తి చిక్కుడుకాయల సంచి తెచ్చాను. అమ్మ ముఖం విప్పారింది. కుర్చీలో కూర్చుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని, కాయలు తుంచుతూ మొదలెట్టింది. గొంతు వచ్చేసింది! రేడియోలో కన్నా, బస్సులో కన్నా బాగా వచ్చింది. అయితే మైకులో చిక్కుడుకాయలు కూడా వచ్చాయి. టప్, టప్ మని, అదీ సరిగ్గా తాళానికి. డ్రమ్ముల కుర్రాడు కర్రలు కింద పెట్టేసి, "నా ఉద్యోగం పోయింది," అన్నాడు.

చివరికి ఎవరో రెండు తుండుగుడ్డలు ఇచ్చారు. అమ్మ వాటిని మడతపెట్టడం, విప్పడం, మళ్లీ మడతపెట్టడం. తుండుగుడ్డ చప్పుడు చెయ్యదు. ఆ రికార్డులో చాలా పాటలు అలా తయారైనవే.

శుక్రవారం వచ్చేసరికి రికార్డు నిండడానికి ఒక్క పాట తక్కువైంది. కంపెనీ వాళ్లు ఎవరో రాసిన పాట పంపించారు. ఓడలో వెళ్లిపోయిన వాడి కోసం ఒకమ్మాయి రేవులో నిలబడి ఏడుస్తుంది, ఏడుస్తూనే ఉంటుంది. అమ్మ అది చదివి కాగితం తిరిగిచ్చేసింది.

"ఈ పిల్లకి వేరే పనేం లేదా? ఇది పాడితే మా బస్సులో పిల్లలు నన్ను బతకనివ్వరు."

"మీ దగ్గర ఇంకోటేమైనా ఉందా మరి? సగం కట్టింది ఉన్నా ఫర్వాలేదు," అన్నాడు హ్యాచర్ గారు.

అమ్మ ఒకసారి నా వైపు చూసింది. తర్వాత తన గిటారు తీసుకుంది. "ఒకటుంది. రికార్డుకి కాదు, ముందే చెప్తున్నాను. ఊరికే వినండి."

ఆ పాట నేను ఎప్పుడూ విన్లేదు. అమ్మ పాటలన్నీ నాకు తెలుసనే అనుకునేదాన్ని.

*పెట్టె కాళ్ల దగ్గరుంది, టిక్కెట్టు పిడికిట్లో నలిగింది.*
*ఇంట్లో పసిదాని ఊయల ఇంకా ఊగుతూనే ఉండుంటుంది.*
*వానలో తడుస్తూ బస్సొచ్చి నాకోసం తలుపు తీసింది.*
*వీధి ఈ కొసా ఆ కొసా చూశాను, నన్నెవరూ ఆపలేదు,*
*ఎవరూ ఆపలేదు, అందుకే ఆగిపోయాను.*

పాడడం అయిపోయాక పర్విస్ గారు తీగల మీద జరిపే తన ఇనప కడ్డీని చూసుకుంటూ కూర్చున్నాడు.

"డెస్సీ గారూ, ఇదీ మీ రికార్డు. మిగతావన్నీ దీనికి తోడొచ్చినవి," అన్నాడు హ్యాచర్ గారు.

"చెప్పాను కదండీ."

"చెప్పారు. సోమవారం పొద్దున స్టూడియో ఖాళీగా ఉంచుతాను. ఇంటికెళ్లి ఆలోచించుకోండి. వద్దనుకుంటే ఆ రేవులో పిల్లే గతి."

కారులో ఊరు దాటేదాకా ఆగాను. అంతవరకు ఎలా ఆగానో నాకే తెలీదు.

"అమ్మా, ఊయల్లో పాప నేనేనా?"

"పాటలో పాప పాటలోదే."

"మనింట్లో ఊయల ఉండేది కదా. అటక మీద ఇప్పటికీ ఉంది."

"అందరిళ్లలోనూ ఉంటుంది."

"ఎక్కడికి వెళ్లిపోదామనుకున్నావు?"

"పెట్రోలు బంకు కనబడితే చెప్పు."

"ఎందుకు వెళ్దామనుకున్నావు? నాన్న ఏమైనా అన్నాడా?"

"మీ నాన్న ఎప్పుడైనా ఏమైనా అన్నాడా?" అంది అమ్మ. ఆ మాటలో కోపమో, మెచ్చుకోలో తేల్చుకోలేకపోయాను.

కొంతదూరం పోయాక అడిగాను. "నాన్నకి తెలుసా?"

అమ్మ ఎదురుగా వస్తున్న కలప లారీకి దారిచ్చింది. "తెలీదు. తెలీకుండానే ఇన్నేళ్లు గడిచాయి. ఇప్పుడు గ్రామఫోను పెట్టి చెప్పమంటావా?"

ఇంటికెళ్లేసరికి నాయనమ్మ వెనక వరండాలో పీచ్ పళ్లు కోస్తోంది. నన్ను చూడగానే, "దిగిందమ్మా షెరీఫు," అంది.

నేను పక్కన కూలబడి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. "నాయనమ్మా, నా చిన్నప్పుడు అమ్మ ఎప్పుడైనా ఒక్కర్తే ఊరికి వెళ్లిందా?"

"ఏ ఊరికి?"

"ఏ ఊరికైనా."

కత్తి ఆగింది. "వెళ్లలేదు. వెళ్లిపోతుందనుకున్నాం."

"అనుకున్నాం అంటే? ఎవరెవరు అనుకున్నారు?"

నాయనమ్మ నా వంక చూడకుండా గింజ తీసి పారేసింది. "ఆ రోజుల్లో నా నోరు కాస్త పెద్దది. దేవుడి పాట తప్ప నా కొంపలో ఇంకో పాట వినపడ్డానికి వీల్లేదనేదాన్ని. దానికి నీ వయసే అప్పుడు. సరే, ఇంక పో. నీ ప్రశ్నలకి సమాధానం చెప్తూ వేలు కోసుకుంటాను."

ఆ "అనుకున్నాం" నా బుర్రలో ఈగలా తిరుగుతూనే ఉంది. ఎవరికీ తెలీదని అమ్మ అనుకుంటోంది. నాయనమ్మకి తెలుసు. ఇంకెవరికి తెలుసు?

ఆదివారం చర్చి నుంచొచ్చి భోజనాలు చేశాం. నాన్న ముందు వరండాలో కూర్చుని, చేపల గాలం చక్రం విప్పి నూనె వేస్తున్నాడు. అమ్మ గిటారు పట్టుకుని వెళ్లి ఎదుటి మెట్టు మీద కూర్చుంది.

"లూథర్, నువ్వొక పాట వినాలి."

"ఊ."

"రికార్డులో పెట్టమంటున్నారు. నువ్వు విన్నాకే."

"విన్నాక ఏమైనా అనాలా?"

"అంటావేమో."

దోమతెర తలుపు వెనక నేను నిలబడ్డాను. నా వెనక నాయనమ్మ ఊపిరి చప్పుడు. అమ్మ పాడింది. స్టూడియోలో పాడినంత బాగా పాడలేదు. నాన్న పాటంతా అయ్యేదాకా తల వంచుకుని, చక్రంలోంచి తీసిన చిన్న స్క్రూల్ని ఒక్కోటీ రుమాలు మీద వరసగా పెడుతున్నాడు.

పాట అయిపోయింది.

"వాన పడలేదే," అన్నాడు.

"ఏంటీ?"

"ఆ రోజు వాన లేదు. ఎండ మాడ్చేస్తోంది. నువ్వు బస్టాండు గోడ వారన నీడలో నిలబడ్డావు. ఆ నీలం గౌను."

అమ్మ వేళ్లు తీగల మీదే ఉండిపోయాయి. "నువ్వెక్కడున్నావు?"

"రోడ్డుకి ఇటుపక్క. దాణా కొట్టు ముందు బస్తాల బండి ఉంటే దాని వెనకాల పెట్టాను ట్రక్కు. రోవీ నా ఒళ్లో ఉంది. నిద్రపోతోంది."

నేను అక్కడ ఉన్నాను! ఇన్ని ప్రశ్నలు అడిగాను ఊరందరినీ, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నిద్రపోతున్నాను.

"చూస్తూ కూర్చున్నావా?"

"చూస్తూ కూర్చున్నాను."

"బస్సొచ్చేదాకా?"

"వెళ్లేదాకా."

అమ్మ గిటారు పక్కన పెట్టి లేచి నిలబడింది. "మరి రోడ్డు దాటి రావేం? నేనెంతసేపు చూశానో తెలుసా అటూ ఇటూ? ఎవడో ఒకడు వచ్చి చెయ్యి పట్టుకుంటే నాలుగు తిట్లు తిట్టి, విదిలించుకుని ఎక్కేద్దామని చూశాను. తిట్టడానికి ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు!"

"అదే అనుకున్నాను. నేనొస్తే ఎక్కేస్తావని," అన్నాడు నాన్న.

నా వెనక నాయనమ్మ గుసగుసగా, "వాణ్ణి పంపింది నేనే. జుట్టు పట్టుకుని లాక్కురారా అన్నాను. వెధవ, కూర్చుని చూశాట్ట," అంది. అని ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంది.

అమ్మ మళ్లీ మెట్టు మీద కూర్చుంది. ఈసారి ఒక మెట్టు పైన, నాన్న మోకాలి దగ్గరగా.

"ఇన్నేళ్లూ ఒక్క మాటైనా అనలేదేం?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను."

"ఇప్పుడది రికార్డయితే ఊరంతా వింటుంది లూథర్. మిల్లులో నిన్ను ఏడిపిస్తారు."

"ఏడిపించనీ." స్క్రూ ఒకటి తీసి చక్రంలో పెట్టాడు. "మంచి పాట. వాన మాత్రం తీసెయ్."

"వాన తీసేస్తే ఇంక పాటేముంది?"

"పడని వాన ఎలా పాడతావ్?"

"ఎండలో బస్సొస్తే ఎవరేడుస్తారు?"

"నేను—" అని, ఆ మాట అక్కడే వదిలేసి నాన్న నూనె డబ్బా కోసం వెతుక్కున్నాడు. అది ఆయన కాలి దగ్గరే ఉంది. అమ్మ తీసి చేతికిచ్చింది.

సాయంత్రందాకా వాన గురించి కొట్టుకున్నారు. వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

సోమవారం పొద్దున అమ్మ అద్దాల గదిలో నిలబడి, గుడ్డలొద్దని పక్కన పెట్టేసి, చేతులు వేలాడేసుకునే ఆ పాట పాడేసింది. ఒకే ఒక్కసారి. రెండోసారి అవసరం లేదన్నారు. పర్విస్ గారు బయటికొచ్చి అమ్మని వింతగా చూశాడు. "శుక్రవారం పాడింది మీరేనా? ఇంటికెళ్లి ఎవరితోనైనా పోట్లాడి వచ్చారా?"

"వాన గురించి," అంది అమ్మ.

వాన పాటలోనే ఉండిపోయింది.

ఆకులు రంగు తిరిగే వేళకి రికార్డు వచ్చింది. అట్ట మీద అమ్మ మా వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. పైన "ఎవరూ ఆపలేదు" అని ఎర్రటి అక్షరాలు. దేశమంతా ఊగిపోలేదు కానీ, మా చుట్టుపక్కల రాష్ట్రాల రేడియోల్లో ఆ పాట అడిగి వేయించుకున్నారు. చిన్న చిన్న హాళ్లలోంచి, సంతల్లోంచి పిలుపులొచ్చాయి. వాద్యాల వాళ్లు ఒక పాత బస్సు అద్దెకి తీసుకున్నారు. అమ్మ గురువారం ఎక్కితే ఆదివారం దిగేది. బడి బస్సుకి కొత్త డ్రైవరు వచ్చాడు. పిల్లలు ఆయన పాడడని ఫిర్యాదు చేశారు.

ఇల్లు మారిపోయింది. నాన్న వంట నేర్చుకున్నాడు, అంటే మేము ఆ వంట తినడం నేర్చుకున్నాం. నాయనమ్మ రేడియో మోత తగ్గించి, చెవి దానికి ఆనించి వినేది. ఎవరైనా చూస్తే, "వాతావరణం చెప్తున్నారు," అనేది. నేను హోటల్ పని మానేసి, నాష్‌విల్‌లో పళ్లెం మీద పాటని గీతలుగా కోసి రికార్డులు చేసే చోట చేరడానికి మాట్లాడుకున్నాను. పాట పళ్లెంలోకి ఎక్కడం చూశాను కానీ, ఎలా ఎక్కిందో ఇంకా అర్థం కాలేదు నాకు. అమ్మలేని సాయంత్రాలు మాత్రం ఎవరి కుర్చీలో వాళ్లం ఉండిపోయేవాళ్లం. ఆ నిశ్శబ్దం మా ముగ్గురికీ కొత్త.

అమ్మ చెప్పినట్టే నాన్నని ఏడిపించారు. భోజనం డబ్బా మర్చిపోయాడని ఒకరోజు మిల్లుకి తీసుకెళ్లాను. దుంగ మీద కూర్చున్న వాళ్లలో ఒకడు, నేనున్నానని కూడా చూడకుండా, "ఏం లూథర్, అప్పట్లో మీ ఆవిడ బస్సెక్కబోయి ఆగిపోయిందటగా?" అన్నాడు.

"అవును, అప్పుడెక్కలేదు. ఇప్పుడెక్కింది," అని నాన్న డబ్బా మూత తీసుకున్నాడు.

అక్టోబరు చివర్లో నాక్స్‌విల్‌లో అమ్మ పాట కచేరీ పెట్టారు. పెద్ద థియేటరు. నాన్న మిల్లులో సెలవడిగి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని ట్రక్కు తీశాడు. నాయనమ్మ మోకాళ్ల నొప్పులని రాలేదు. రేడియోలో ఎలాగూ వేస్తార్లే అంది.

మధ్యాహ్నం ఎండ చల్లగా ఉంది. కొండల మీద ఆకులు ఎర్రబడి తగలబడుతున్నట్టున్నాయి. ఆ రోజు అమ్మ ఎక్కకుండా వదిలేసిన బస్సు కూడా ఇదే దారిలో నాక్స్‌విల్‌కే వెళ్లిందని అమ్మ ఈ మధ్యనే చెప్పింది. అక్కడి రేడియోలో ఎవరో పాడిస్తామన్నారట. అంతకు మించి ఆమెకీ తెలీదు, వాళ్లెవరో, ఎక్కడుంటారో.

"నాన్నా, ఒకటడగనా?"

"వద్దంటే ఆగుతావా?"

"ఆ రోజు అమ్మ నిజంగా ఎక్కేసి ఉంటే ఏం చేసేవాడివి?"

ముందు పశువుల బండి ఒకటి మెల్లిగా పోతోంది. నాన్న దాని వెనకే చాలాదూరం నడిపాడు. దారి దొరికినా దాటలేదు.

"పెట్రోలు నిండా పోయించుకునే వచ్చాను," అన్నాడు.

"అంటే వెంటపడి వెనక్కి తీసుకొచ్చేసేవాడివా?"

"వెనక్కెందుకు?" అన్నాడు, నా ప్రశ్న అర్థంకానట్టు. "అక్కడ మీ అమ్మకి ఎవరూ తెలీదు కదా. పాడుతుంటే వినడానికి మనిద్దరమైనా ఉండాలిగా."

పశువుల బండి పక్కదారిలోకి తిరిగింది. నాన్న అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టి, "ఊళ్లోకొచ్చాం. ఆ థియేటరు ఎటో ఎవరినైనా అడుగు," అన్నాడు.